దారి కాగితంలో ఖాళీ గీత

మా మాస్టారు కిలపర్తి సింహాచలం గారు కీర్తిశేషులయ్యారు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం గోపాలపట్నం పోస్టాఫీసులో ఉత్తరాల సంచీకి సీలు వేయిస్తున్నాను. ఫోను మోగింది. అవతల మాస్టారి భార్య అప్పలనరసమ్మ గారు. "పాపా, మీ మాస్టారు ఎల్లిపోనారు" అన్నారు. "ఎక్కడికండీ?" అన్నాను. ఏ ఉత్తరం ఏ ఊరికి పోతుందో చెప్పడమే ఉద్యోగంగా బతుకుతున్న మనిషిని, అంతకంటే తెలివైన మాట నా నోటికి రాలేదు. ఆవిడ "నువ్వు రా తల్లీ" అని పెట్టేశారు.

మన స్టాంపుల సంఘం మిత్రులు ప్రత్యేక సంచికకు వ్యాసం కావాలన్నారు. వసంతా, నువ్వు ఆయన శిష్యురాలివి, ఆయన పాండిత్యం గురించీ పతకాల గురించీ నువ్వే రాయాలి అన్నారు. రాస్తాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, ఇది సగం నివాళి, సగం నేరాంగీకారం. ఆయన బతికుండగా ఆయనకు చెప్పుకోవలసిన తప్పు ఒకటి పన్నెండేళ్లు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే కాలం గడిపేశాను. ఇప్పుడు మీ అందరి ముందూ చెప్పుకోవలసి వచ్చింది. నా పిరికితనానికి ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. హార్బరులో టాలీ గుమాస్తా. ఓడలోంచి దిగే బస్తాలూ పెట్టెలూ ఎండలో నిలబడి లెక్క రాసుకునే పని. అయినా మల్కాపురంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారే. ఎందుకంటే ఆయనతో పది నిమిషాలు మాట్లాడినవాడు ఏదో ఒకటి నేర్చుకోకుండా తిరిగివెళ్లేవాడు కాదు. తపాలా చరిత్ర అనే మహాసముద్రాన్ని ఒంటరిగా ఈదిన ధీరుడాయన. డిగ్రీలు లేవు. బిరుదులు లేవు. ఒక భూతద్దం, ఒక చిన్న పట్టకారు, తరగని ఓర్పు, ఇవే ఆయన సంపద.

నేను ఆయన్ని మొదట చూసింది గోపాలపట్నం పోస్టాఫీసు కౌంటరు కిటికీలోంచి. అప్పట్లో నాకు ముద్ర కొట్టడమంటే పై అధికారుల మీద కోపం తీర్చుకోవడం. ధన్ ధన్‌మని బల్ల అదిరేది. తెల్లచొక్కా పెద్దాయన ఒకరు ముద్ర కోసమని తన పేరు తనే రాసుకున్న కవరు రెండు చేతులతో పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. తన వంతు వచ్చాక కవరు ఇవ్వలేదు. "ఏటి తల్లీ, ముద్దర కొడతన్నావా, పాముని కొడతన్నావా?" అన్నారు. వరసంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. "అంత తెలిసినవారైతే మీరే వచ్చి కొట్టండి" అన్నాను. "నాను కొడితే నేరం తల్లీ. నువ్వు కొడితేనే సరిత్ర" అన్నారు, నవ్వుతూ. ఆ నవ్వుకి నా కోపం కాస్త దిగింది. తర్వాత కిటికీ అవతలినుంచే నేర్పించారు. సిరా తక్కువ అద్దాలి. తేదీ సరిచూడాలి. గుండ్రటి ముద్ర సగం స్టాంపు మీదా సగం కవరు మీదా పడాలి. "అలగ పడితేనే ఆ రెండూ ఒకదాన్నొకటి ఒగ్గవు" అన్నారు. ఒకదాన్నొకటి వదలవన్న ఆ మాట తర్వాత నన్ను ఎంత ఏడిపిస్తుందో అప్పుడు నాకేం తెలుసు!

మరుసటి ఆదివారం నుంచి మల్కాపురంలో వాళ్లింటికి పోవడం మొదలైంది. మొదటిరోజే "మీదే ఊరమ్మా?" అని అడిగారు. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికని కోనసీమ నుంచి వచ్చి కూర్మన్నపాలెంలో స్థిరపడ్డారని, నేను ఉద్యోగానికి గోపాలపట్నంలో ఉంటున్నానని, మా సొంతూరు యానాంకి ఎదురుగా గోదావరి ఒడ్డున ఉందని చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. "ఒలమ్మా! అయితే మీవోళ్లు పడవెక్కి రేవు దాటితే పరాయి దేశమే కదేటి!" అని లోపలికెళ్లి ఒక కవరు తెచ్చి చూపించారు. యానాం ముద్ర, ఫ్రెంచివాళ్ల స్టాంపు. అక్కడ అప్పట్లో వాళ్లదే పోస్టాఫీసు, వాళ్లదే రాజ్యం. నేను గొప్పగా అమ్మమ్మకి ఫోను చేసి, నువ్వు చిన్నప్పుడు విదేశాలకి వెళ్లొచ్చావే అన్నాను. "నీ మొహం. మేం పులసలు కొనుక్కోడానికి వెళ్లేవాళ్లమే" అంది. ఈ మాట చెబితే మాస్టారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే నా చేత ఆ ముక్క మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారు.

ఆయన మక్కువంతా అంతరించిన పాలనల మీదే. జాంజిబారు సుల్తాను, డాన్‌జిగ్ నగరం, తన్నూ తువా, తిరువాన్కూరు, నిజాం రాజ్యం. ఇవన్నీ ఒకప్పుడు సొంతంగా స్టాంపులు వేసుకున్న ప్రభుత్వాలు. ఈనాడు ఆ పేరుతో ఒక్క స్టాంపైనా అచ్చు కాదు. పాత రాజు బొమ్మ మీదే కొత్త ప్రభుత్వం తన పేరు నల్లగా అచ్చొత్తి వాడేసిన స్టాంపులంటే ఆయనకు మరీ ఇష్టం. కొత్త బొమ్మ గీయించుకునే తీరిక కూడా లేకుండా చేతులు మారిన దేశాలమ్మా అవి అనేవారు. వాటి విలువ ఎంతని ఎవరైనా అడిగితే మాత్రం ముఖం చిన్నబుచ్చుకునేవారు. "జెండా ఏదైతే మనకేటి? లోపల ఉత్తరం రాసినోడు అమ్మా బాగున్నావా అనే రాసుంటాడు" అనేవారు.

ఇక మనలో చాలామందికి తెలిసిన ఆయన ప్రత్యేక పద్ధతి ఒకటుంది. మరెక్కడా నేను చూడలేదు. ప్రతి కవరు వెనకా ఒక సన్నని కాగితం పెట్టేవారు. దాన్ని దారి కాగితం అనేవారు. ఆ కవరు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో వాళ్లు, ఒక్కొక్కరు ఒక్కో గీత మీద, అది తమ దగ్గరికెలా వచ్చిందో, తమ దగ్గర దానికేమైందో తమ చేతి రాతతో రాయాలి. ఓడల మీదకి వెళ్లినప్పుడు అందరూ విదేశీ సిగరెట్లు అడుగుతుంటే ఈయన నావికులకు వాళ్ల ఇళ్లనుంచి వచ్చిన పాత కవర్లు అడిగేవారట. ఇచ్చిన నావికుడి చేత తన భాషలోనే రాయించుకునేవారు. రాయడం రానివాళ్లు వేలిముద్ర వేసేవారు. నియమం ఒక్కటే. "తెలిసినంతే రాయాల. మచ్చుంటే మచ్చనీ రాయాల. ఎవుడి గీత ఆడే రాయాల, ఒకడి గీత ఇంకొకడు రాయకూడదు."

ఒక గ్రీకు నావికుణ్ణి భోజనానికి ఇంటికి తీసుకొచ్చిన కథ మీలో కొందరు వినే ఉంటారు. అప్పలనరసమ్మ పిన్నిగారి చేపల పులుసు తింటూనే ఆ నావికుడు దారి కాగితం రాశాడు. కాగితం మీద పులుసు ఒలికింది. ఇంకొకరైతే కాగితం మార్చేవారు. మాస్టారు మార్చలేదు. ఆ మరక కింద పిన్నిగారి చేత రాయించారు. "పులుసు నాను వండినాను. అప్పలనరసమ్మ." ఆ కాగితం ఇప్పటికీ గ్రీకు అక్షరాల కింద ఆ ఎర్రటి మరకతోనే ఉంది. ఒక పెద్ద ప్రదర్శనలో న్యాయనిర్ణేత దాని దగ్గర చాలాసేపు నిలబడి తనలో తను నవ్వుకోవడం నేను చూశాను.

సముద్రగాలికి కాగితం బతకడం కష్టం. అందుకని ఆటోనగర్లో ఒక రేకుపనివాడి చేత మూతకి రబ్బరు పట్టీ ఉన్న పెట్టె చేయించారు. లోపల వేయించిన బియ్యం మూట ఒకటి పెట్టి, పదిహేను రోజులకోసారి మార్చేవారు. చెమ్మ ఏ కాగితాన్ని ఎలా పాడు చేస్తుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు గుర్తు లేకపోయింది.

పన్నెండేళ్ల కిందట ఆయన మొదటిసారి మన రాష్ట్రం బయట జరిగే ప్రదర్శనకి ఒప్పుకున్నారు. సముద్రం మీదుగా విశాఖ చేరిన ఉత్తరాలు అనేది విషయం. నా దస్తూరి బాగుంటుందని పేజీల కింద వివరాలు రాయమని కొన్ని కవర్లు నాకు ఇంటికిచ్చి పంపారు. వాటిలో ఒకటి రంగం నుంచి వచ్చింది. రంగూన్‌ని ఇక్కడి పాతవాళ్లు రంగం అంటారు. బర్మాని ఇండియా నుంచి విడదీసిన కొత్తలో మన స్టాంపుల మీదే బర్మా అని అచ్చొత్తి వాడారు. అలాంటి స్టాంపు దాని మీద ఉంది. గోధుమరంగు కవరు, భీమునిపట్నం తాలూకాలో ఒక పల్లెకి అడ్రసు. కవరంతా పొందికగా ఉంది కానీ స్టాంపు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక మూల కాస్త లేచింది కూడా.

నాకు చిన్నప్పటినుంచీ స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి స్టాంపులు ఊడదీసే అలవాటు. కవరు నుంచి స్టాంపు వేరు చేయకూడదని మాస్టారు నాకు వందసార్లు చెప్పారు. చెవిటిదాన్ని కాదు, విన్నాను. కానీ ఇది వేరు చేయడం కాదు కదా, తిన్నగా అంటించడమే కదా అనుకున్నాను. అంత పెద్ద ప్రదర్శనలో మాస్టారి పేజీ వంకరగా కనబడకూడదని నా తాపత్రయం. ఆయన చూసి మురిసిపోతారనుకున్నాను. ఏం తెలివండీ నాది! కవరు మూల గిన్నెలో ముంచాను, స్టాంపు నీళ్లలో తేలింది. దాంతోపాటే ముద్రలో సిరా కూడా పొగలాగా నీళ్లలోకి దిగిపోయింది. కవరు మీద స్టాంపు ఉన్నచోట పాలిపోయిన నలుచదరం మిగిలింది. ఆరబెట్టి మళ్లీ పెట్టి చూస్తే కవరు మీది సగం ముద్రకీ స్టాంపు మీది సగం ముద్రకీ పొత్తు కుదరలేదు. ఫ్యాను కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు మల్కాపురం వెళ్లి, చెప్పాల్సింది చెప్పకుండా, "చెమ్మకి ఊడిపోయినట్టుందండి మాస్టారూ. ముందే మూల లేచి ఉంది కదండీ" అన్నాను. రబ్బరు పట్టీ పెట్టె చేయించిన మనిషితో! ఆయన భూతద్దం తీశారు. స్టాంపు చూశారు. కవరు చూశారు. ఆ పాలిపోయిన చోట వేలితో తడిమారు. "అవునమ్మా. సముద్రం పక్కనున్నాం కదా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి.

తర్వాత స్టాంపు అరచేతిలో పెట్టుకుని మెల్లగా మొదలుపెట్టారు. "మా అయ్యకి సదువు లేదు తల్లీ. రంగంలో రేవు కాడ మూటలు మోసీవోడు. ఈ ఉత్తరం బజార్లో కూకుని రాసీవోడి సేత రాయించాడు. పైన అడ్రసూ ఆడి రాతే. మా అయ్య సొంతంగా సేసింది ఒక్కటే, ఈ స్టాంపు నాలికతో తడిపి అంటించడం. సదువు రాదు కదా, ఎటు పై ఎటు కింద తెలీక వంకరగా ఎట్టీసినాడు. తర్వాత ఒక్కసారి వచ్చి ఎల్లినాడు. రంగం మీద యుద్ధమొచ్చి పడితే అందరూ ఇంటికి నడిసి వచ్చీసినారు, ఆయన రానేదు. నాను అప్పటికి కడుపులో ఉన్నాను. మా యమ్మ నాకు ఇదే సూపించీది. ఇది మీ అయ్య సెయ్యిరా అనీది."

అప్పుడే కాళ్ల మీద పడిపోవాల్సింది. పడలేదు. ఆ మాట వినకముందు నాది ఒక పిచ్చి పొరపాటు, విన్నాక అది నాకు పాపంగా తోచింది. తండ్రి ముఖం ఎరగని మనిషికి తండ్రి చేయి అని మిగిలిన ఒకే ఒక్కదాన్ని నీళ్లలో కరిగించి, పైగా అబద్ధం కూడా ఆడాను. తల వంచుకుని పిన్నిగారిచ్చిన టీ తాగి వచ్చేశాను.

ప్రదర్శనకి ఆ పేజీ లేకుండానే మిగతావి పంపారు. వెండి పతకం వచ్చింది. హార్బరులో ఆయనతో పనిచేసిన మిత్రుడొకాయన, "ఏటి బావా, రంగం కవరు ఎట్టనేదేటి? అదుంటే బంగారమే వచ్చీది కదా!" అన్నారు, నా ముందే. "దాని దారి కాగితం రాయడం ఇంకా అవనేదు బావా" అన్నారు మాస్టారు. నామీద ఈగ వాలనివ్వకుండా ఏదో సాకు చెప్పారనుకున్నాను. ఆ పై ఆదివారం నాకు రెట్టింపు కవర్లు ఇచ్చి ఇంటికి పంపారు. నమ్మకం ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో! మారింది ఒక్కటే, పిన్నిగారి టీ. ఆనాటినుంచీ చప్పగా ఉండేది. వయసు మీద పడింది కదా, పంచదార తగ్గించారు కాబోలు అనుకుని తాగేసేదాన్ని.

ఈ పన్నెండేళ్లలో ఆయన నాకు నేర్పనిది లేదు. నేను అదే ఆఫీసుకి పోస్టుమాస్టరునైన రోజున మొదటి ముద్ర తన కవరు మీదే కొట్టించుకున్నారు. "ఇప్పుడు పాముని కొట్టడం మానీసినావు" అని మెచ్చుకున్నారు. ఆ రోజు కూడా చెబుదామనుకున్నాను. గొంతుదాకా వచ్చింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు కష్టపెట్టాలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకు భయం, అంతే.

ఆఖరుసారి ఆసుపత్రిలో చూశాను. మనిషి చిక్కి సగమైపోయారు. నా చేయి పట్టుకుని, "వసంతా, దారి కాగితాలేటైనా మిగిలిపోనాయేటమ్మా?" అని అడిగారు. "లేవండి మాస్టారూ, అన్నీ రాసేశాం" అన్నాను. ఆయన నా చేయి వదల్లేదు. "అలగైతే సరే తల్లీ. తొందరేటి లేదు" అన్నారు. బస్సులో సగం దూరం వచ్చాక ఇక నావల్ల కాదనిపించింది. రేపు ఆఫీసు అవగానే వెళ్లి, ఏమైతే అది అయిందని చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. ఆ రేపే పిన్నిగారి ఫోను.

పదకొండో రోజు కార్యం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. పిన్నిగారు నన్ను ఉండమన్నారు. రేకుపెట్టె నా ముందుకి జరిపి, "నీకు ఇమ్మన్నారు" అన్నారు. మూత తీశాను. వేయించిన బియ్యం వాసన వచ్చింది. అన్నిటికంటే పైన రంగం కవరు. స్టాంపు తిరిగి అంటించలేదు. పక్కనే లోపలున్నది కనబడే చిన్న అద్దకాగితం సంచీలో భద్రంగా ఉంది. వెనక దారి కాగితం. మొదటి గీత మీద వాళ్లమ్మగారి వేలిముద్ర. రెండో గీత మీద "అమ్మ నాకిచ్చింది. సింహాచలం." నాలుగో గీత మీద "మళ్లీ నా దగ్గరికి వచ్చింది. సింహాచలం." మధ్యలో మూడో గీత పెన్సిలుతో గీసి ఉంది. దాని మీద ఏమీ లేదు.

పిన్నిగారు నన్నే చూస్తున్నారు. "ఆయనకి ఆ పొద్దే తెలిసిపోనాది పాపా" అన్నారు. "నువ్వెల్లినాక ఆ కవరు ఒళ్లో ఎట్టుకుని ఏడిసినారు. పెళ్లయినకాణ్ణించి నాను ఆయన ఏడుపు సూడనేదు. నాకు ఒళ్లు మండిపోనాది. ఉండు, దాన్ని నాలుగూ కడిగీసి వత్తాను అన్నాను. ఒద్దు నర్సమ్మా, ఆ గుంట మంచి సేద్దామనే సేసింది, అదే సెప్తాది, దాని గీత మనం రాయకూడదు అన్నారు. ఎప్పుడడిగినా అదే మాట. సెప్తాదిలే, తొందరేటి అనీవోరు."

నేను ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ఆవిడ నా వీపు నిమురుతూనే, "ఆయన మంచోరు. నాను కాదు. పన్నెండేళ్లూ నీ టీలో పంచదార తక్కువేసీ ఇచ్చినాను" అన్నారు. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ఆవిడ కూడా ఏడుస్తూనే నవ్వారు.

లోకంలో తప్పు పట్టుకునే గురువులు కొల్లలు. శిష్యురాలి తప్పు కళ్లారా చూసి, ఆ తప్పు ఒప్పుకునే గౌరవం కూడా ఆమెకే ఉండాలని పన్నెండేళ్లు గీత ఖాళీగా ఉంచిన గురువు నాకు దొరికారు. ఆయన మేధస్సుకి వారసులు మన సంఘంలో పుట్టవచ్చు. ఆ ఓర్పుకి వారసులు ఎక్కడున్నారో నాకు తెలియదు. అంతరించిన రాజ్యాల ఆనవాళ్లన్నీ ఆ పెట్టెలో పదిలంగానే ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని నవ్వే మనిషిని ఏ పెట్టెలో వెతుక్కోవాలి?

పిన్నిగారు ఆయన పెన్ను తెచ్చి చేతిలో పెట్టారు. మూడో గీత మీద రాశాను. "స్టాంపు వంకరగా ఉందని గోపాలపట్నంలో మా ఇంట్లో నీళ్లలో నానబెట్టి ఊడదీశాను. చెమ్మకి ఊడలేదు. వసంత." చదివి వినిపించమన్నారు. వినిపించాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లి టీ పట్టుకొచ్చారు. నిండా పంచదార.

మాస్టారూ, రంగం కవరు దారి కాగితం రాయడం అయిందండి.